ల్యాబ్ వెతికే యాప్ రివ్యూ: నాకు 96 శాతం మ్యాచ్ అట!

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వాళ్ళు నాకు మూడు నెలల ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులైతే ఇవ్వలేదు. పేరు నోటితో చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది. ఫీచర్లు, రేట్లు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్ళట్లేదు.

కొత్తవాళ్ళకి ఒక్క ముక్క. నేను అమెరికాలో ప్రీ-వెట్, అంటే పశువుల డాక్టరు చదువుకి సిద్ధమవుతున్నా. మన దగ్గరలా ఇంటర్ అవగానే బీవీఎస్సీలో చేరడం ఇక్కడ కుదరదు. ముందు డిగ్రీ కోర్సులు చదవాలి, తర్వాత వీఎమ్‌క్యాస్‌లో, అంటే వెట్ కాలేజీలకి ఒకేచోట అప్లికేషన్ పెట్టే సైట్లో, అప్లై చేయాలి. అందులో రీసెర్చ్ అనుభవం గంటల లెక్కన రాస్తాం. ఆ గంటలు దొరికే ల్యాబ్ వెతికిపెట్టడమే ఈ యాప్ పని.

అందరూ తెగ పొగుడుతున్నది మ్యాచ్ స్కోరుని. ప్రొఫైల్ నింపగానే ఆకుపచ్చ చక్రం గిర్రున తిరిగి 96 శాతం అంది! అది ఎన్ఎస్ఎఫ్, అంటే సైన్సుకి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, డబ్బుతో నడిచే ఆర్ఈయూ అనే సమ్మర్ ప్రోగ్రాం, డిగ్రీ పిల్లలకి రీసెర్చ్ నేర్పేది. స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎగిరి గంతేశా. రెండు వారాలు కూర్చుని వ్యాసం రాశా, లెటర్ల కోసం ఇద్దరు ప్రొఫెసర్లని బతిమాలుకున్నా. తీరా అప్లికేషన్ నింపుతుంటే తెలిసింది, ఆ డబ్బు సిటిజన్లకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమేనని. నాది హెచ్4, అంటే హెచ్1బీ మీద పనిచేసే నాన్నగారి మీద ఆధారపడిన వీసా. నాన్నగారి గ్రీన్ కార్డు లైను సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదుగా! ప్రొఫైల్లో కుక్కలిష్టమా పిల్లులిష్టమా అని అడిగారు గానీ, వీసా ఏంటని ఒక్క ప్రశ్న లేదండీ. గోత్రం అడక్కుండా ముహూర్తం పెట్టేసినట్టుంది.

దాని కిందే బోరింగర్ ఇంగెల్‌హైమ్ వెటరినరీ స్కాలర్స్ అనే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాంకి 91. అది ఆల్రెడీ వెట్ స్కూల్లో చదివేవాళ్ళకి!

ఇక నేనిప్పుడున్న ల్యాబ్‌కి ఎంతిచ్చిందో చెప్పనా? 22. ఎందుకంటే మాది పురుగుల ల్యాబ్. సీ. ఎలిగాన్స్ అని, ఒక మిల్లీమీటరు ఉంటుంది. "పశువుల డాక్టరునవుతానని చెప్పి పురుగులు లెక్కపెడుతున్నావేంటే?" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ వాటికి వెన్నెముక లేదు కాబట్టి ఐయాకక్, అంటే జంతు ప్రయోగాల కమిటీ, పర్మిషన్ గొడవ లేదు. రెండో వారానికే మైక్రోస్కోప్ ముందు కూర్చున్నా. ఎలుకల ల్యాబ్‌లో చేరిన నా ఫ్రెండ్‌కి ట్రైనింగులై, ప్రోటోకాల్లో పేరెక్కేసరికి సగం సెమిస్టర్ పోయింది. హెచ్4 పిల్లలం జీతం తీసుకోకూడదు కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, క్రెడిట్ కోర్సుగా రిజిస్టర్ చేసుకున్నా.

ఈ ల్యాబ్ నాకు దొరికింది ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే సైట్లో. ఎన్ఐహెచ్ అంటే వైద్య పరిశోధనలకి గ్రాంట్లిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ. పైసా ఖర్చు లేదు, చూడ్డానికి మాత్రం పాత రైల్వే సైట్‌లా ఉంటుంది. మీ యూనివర్సిటీ పేరు కొట్టండి, గ్రాంటు ఏ ప్రొఫెసర్ పేరు మీద ఉందో, ఎప్పుడు ముగుస్తుందో వస్తుంది. నేను ముందు చూసేది ఆ ముగింపు తేదీనే. నాలుగు నెలల్లో డబ్బు అయిపోయే ల్యాబ్‌లో మనకి పని నేర్పే ఓపిక ఎవరికుంటుంది? రెండు మూడేళ్ళు మిగిలుంటే మెయిల్ పెడతా.

మెయిల్ అంటే గుర్తొచ్చింది, ఈ యాప్‌లో ఆటో మెయిల్ బటన్ ఉంది. ఏ ల్యాబ్‌కి నొక్కినా "మీ అద్భుతమైన పరిశోధన పట్ల అమితాసక్తి" అనే మొదలు. మా ప్రొఫెసర్ తన ఇన్‌బాక్స్ చూపించి నవ్వారు, ఒకే వారంలో అదే వాక్యం మూడుసార్లు! నేను రాసింది ఐదు లైన్లు. మీ పేపర్లో రెండో గ్రాఫ్ నాకర్థం కాలేదు, మంగళ, గురువారాలు నాలుగేసి గంటలు రాగలను, అంతే.

క్యాలెండర్ మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి. జనవరి నుంచి డెడ్‌లైన్లు వరసగా మీద పడతాయి, ఒక్కటీ మిస్సవకుండా గుర్తుచేసింది. ఐదుకి రెండు, ఆ రెండూ దానికే. డిస్కౌంట్ కోడ్ డిస్క్రిప్షన్‌లో పెట్టమన్నారు. పెట్టలేదు. రిపోర్టర్ లింక్ పెట్టాను.