డరాన్ బ్లాండ్ 26 నంబరు జెర్సీ రివ్యూ: గుడ్డ గురించి కొంచెం, మనిషి గురించి చాలా

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ జెర్సీ నేను కొన్నది కాదు. ఇక్కడ డాలస్ ఏరియాలో స్పోర్ట్స్ బట్టలమ్మే ఒక షాపు వాళ్లు ఫ్రీగా పంపారు. బాగుందని చెప్పమని అడగలేదు, అడిగినా చెప్పేవాణ్ణి కాదు. మెటీరియల్ ఏంటి, సైజులేంటి, రేటెంత, ఇవన్నీ షాపు పేజీలోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ మళ్లీ చదవను.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా డాలస్ టీమ్ కౌబాయ్స్, ఆ ప్లేయర్లలో ఎవరి పేరు కావాలో చెప్పమన్నారు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే హీరో, అతని పేరు అడుగుతాననుకున్నట్టున్నారు. నేను 26 అడిగాను. డరాన్ బ్లాండ్, కార్నర్‌బ్యాక్.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టేవాడు రిసీవర్. అతన్ని అంటిపెట్టుకుని, బంతి అందకుండా చూడ్డమే కార్నర్ పని. ఎటు పరిగెత్తాలో రిసీవర్‌కి ముందే తెలుసు. కార్నర్‌కి తెలీదు, పైగా చాలాసార్లు వెనక్కి అడుగులేస్తూ మొదలుపెట్టాలి. అంతా సరిగ్గా చేస్తే బంతి అతని వైపే రాదు, ఎవరూ పట్టించుకోరు. ఒక్కసారి జారితే మాత్రం స్టేడియం మొత్తం చూస్తుంది.

బ్లాండ్‌ది కాలిఫోర్నియాలోని మొడెస్టో. శాక్రమెంటో స్టేట్‌లో చేరాడు. అలబామా, ఒహాయో స్టేట్ లాంటి పేరు కాదది, అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక మెట్టు కింద, ఎఫ్‌సీఎస్ అనే డివిజన్‌లో ఉండేది. మొదటి ఏడాది రెడ్‌షర్ట్. అంటే ప్రాక్టీసుకి రావాలి, మ్యాచ్ రోజు పక్కన నిలబడాలి. ఆ తర్వాత రెండు సీజన్లు ఆడి ఒక గాడిలో పడేసరికి 2020 వచ్చింది. కోవిడ్ వల్ల ఆ కాలేజీ ఆ సీజనే ఆడలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్, దాని కోసం ఆటగాళ్లని వెతికే స్కౌట్లకి చూపించడానికి కొత్త వీడియో ఒక్కటీ లేదు. 2021కి ఫ్రెస్నో స్టేట్‌కి మారాడు, చేతిలో ఉన్నది ఒకే ఒక్క సీజన్.

ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్. 2022 డ్రాఫ్ట్‌లో కార్నర్లకి బాగానే గిరాకీ ఉంది. డెరెక్ స్టింగ్లీ మూడో పిక్, సాస్ గార్డ్‌నర్ నాలుగో పిక్. మనవాడి పేరు ఐదో రౌండ్‌లో వచ్చింది, 167వ పిక్. అంత వెనకొచ్చినవాళ్లకి టీమ్‌లో చోటే గ్యారంటీ ఉండదు.

ఇక్కడ నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. అప్పట్లో కౌబాయ్స్ డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్, అంటే కార్నర్ల లాంటివాళ్లకి నేర్పే కోచ్, ఆల్ హారిస్. ఆయనా చిన్న కాలేజీ నుంచే వచ్చాడు, టెక్సస్ ఏ అండ్ ఎమ్ కింగ్స్‌విల్, 1997లో ఆరో రౌండ్. 2004 జనవరిలో సియాటిల్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్తే, గ్రీన్ బే తరఫున బంతి లాక్కుని టచ్‌డౌన్ (బంతిని ఎండ్ జోన్ దాకా, అంటే మైదానం చివరి గీత దాటించి, తీసుకెళ్లడం, ఆరు పాయింట్లు) కొట్టి మ్యాచ్ ముగించింది ఈయనే. ఆ విద్య నేర్పడానికి ఇంతకంటే సరైన మనిషి ఎవరుంటారు చెప్పండి?

ఆ విద్య పేరు పిక్ సిక్స్. అవతలివాళ్లు విసిరిన బంతిని మధ్యలో పట్టేసి, అటు నుంచి అటే వాళ్ల ఎండ్ జోన్‌కి పరిగెత్తడం. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర క్యాచ్ పట్టిన ఫీల్డర్‌కే ఆరు పరుగులు రాసినట్టన్నమాట.

2022లో కౌబాయ్స్ కార్నర్ జోర్డన్ లూయిస్‌కి గాయమైతే బ్లాండ్‌ని స్లాట్‌లో పెట్టారు. స్లాట్ అంటే లోపలి వైపు. రిసీవర్ కుడికీ తిరగొచ్చు, ఎడమకీ తిరగొచ్చు, నీకు సాయంగా సైడ్‌లైన్ కూడా ఉండదు. ఆ కుర్రాడు అక్కడే 5 ఇంటర్‌సెప్షన్లు తీశాడు, అంటే అవతలివాళ్లు విసిరిన బంతిని ఐదుసార్లు పట్టేశాడు. 2023 సెప్టెంబర్‌లో బయటి వైపు ఆడే ఇంకో కార్నర్ ట్రెవాన్ డిగ్స్ ప్రాక్టీసులో మోకాలు దెబ్బతీసుకున్నాడు, బ్లాండ్ బయటి వైపుకి వెళ్లాడు. ఆ సీజన్‌లో మొత్తం 9 ఇంటర్‌సెప్షన్లు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. వాటిలో 5 పిక్ సిక్స్‌లు. ఒక సీజన్‌లో అన్ని కొట్టినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు, 1971 నుంచి రికార్డు నాలుగు దగ్గరే ఆగి ఉంది.

ఐదోది థాంక్స్‌గివింగ్ రోజు, వాషింగ్టన్ మీద. మా ఇంట్లో ఆరోజు టర్కీ ఉండదు, మటన్ బిర్యానీ ఉంటుంది. ప్లేటు చేతిలో ఉంది, నాలుగో క్వార్టర్, ఎవరు గెలుస్తారో అప్పటికే తేలిపోయింది. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ సామ్ హోవెల్ విసిరాడు, అంతే, 26 నంబరు ముందుకొచ్చి పట్టేశాడు. నేరుగా కూడా పరిగెత్తలేదు, అడ్డొచ్చినవాళ్లని తప్పించుకుంటూ వంకర్లు తిరుగుతూ 63 యార్డులు. మా బావగారికి ఈ ఆట ఓనమాలు తెలీవు, ఆయన కూడా లేచి నిలబడ్డారు.

నాకు చిర్రెత్తేది ఒక్కటే, టీవీ కెమెరా. అది బంతి వెంటే పోతుంది. బంతి గాల్లోకి లేచే ముందు కార్నర్ ఏం చేశాడు, క్వార్టర్‌బ్యాక్ కళ్లు చూశాడా, ఎప్పుడు అడుగు మార్చాడు, అసలు పనంతా ఫ్రేమ్ బయటే అయిపోతుంది. కోచ్‌లు చూసే వైడ్ యాంగిల్ వీడియో దొరికితే ఒక్కసారి చూడండి, వేరే ఆటలా ఉంటుంది.

వంక పెట్టాలంటే, అలా ముందుకు దూకేవాడు ఒక్కోసారి దొరికిపోతాడు. సరిగ్గా మరుసటి వారమే సియాటిల్ మ్యాచ్‌లో వాళ్ల రిసీవర్ డీకే మెట్‌కాఫ్ మూడు టచ్‌డౌన్లు కొట్టాడు, బ్లాండ్‌కి ఆ రాత్రి చుక్కలు కనిపించాయి. 2024లో పాదం ఎముకలో చీలిక వచ్చి సగం సీజన్ పైనే పోయింది. అయినా 2025 ఆగస్టు చివర్లో కౌబాయ్స్ అతనితో 4 ఏళ్లకి 9.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. 167వ పిక్‌కి!

సరే, జెర్సీ. ఇదిగో, దగ్గరగా చూడండి. నంబరు కుట్టింది కాదు, అతికించింది. ఉతికాక 26లో 6 అంకె అంచు ఇక్కడ, గోరు పెడితే లేస్తోంది. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తుందని తెప్పించిన ఇంకో జెర్సీకీ ఇదే గోల, డ్రయ్యర్‌లో వేశాక పేరులో అక్షరాలే ఊడొచ్చాయి. మెడ మాత్రం గుచ్చుకోవట్లేదు, భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. సైజు ఒకటి పెద్దది తీసుకోండి, మన పొట్టలకి అదే కరెక్టు.

ఫుల్ రేటుకి కొనమని చెప్పను, సీజన్ అయ్యాక సేల్ పెడతారు, అప్పుడు చూడండి. నేనైతే ఊడే నంబరుతోనే వేసుకుంటాను, 26 కదా. షాపు వాళ్లు చూస్తుంటే, ఈసారి కుట్టిన నంబరుది పంపండి, డ్రయ్యర్‌లో వేసి మరీ రివ్యూ చేస్తా.