శెనిక్కాయలుండే ఊర్లో ఎనర్జీ బార్లు కొనాల్నా?

ఏమప్పా అందరూ బాగుండారా, అనంతపురం నుంచి మాట్లాడ్తాండా. ఈరోజు ఎనర్జీ బార్లు చేస్తాండాం, అదీ వీగన్, గ్లూటెన్ ఫ్రీ. ఈ పేరు చెప్తానే మా అమ్మ "అదేం మందురా నాయనా" అనింది. మందు కాదు మా, మన శెనిక్కాయ ఉండల్లాంటివే, కాకుంటే గుండ్రంగా కాకుండా పలకలుగా కోస్తాం అని చెప్పినా.

కథేందంటే, బెంగుళూరు నుంచి ఇద్దరు ఫ్రెండ్స్ గుత్తి కోట ఎక్కుదామని వస్తామన్యారు. ఒకాయన వీగన్, పాలు పెరుగు నెయ్యి ముట్టడు, ఆఖరికి తేనె కూడా. ఇంకొకామెకి సీలియాక్ అనే జబ్బు, అంటే గోధుమ తింటే ఊరికే కడుపుబ్బరం కాదు, గోధుమ, బార్లీ, రై అనే ధాన్యంలో ఉండే గ్లూటెన్ రవ్వంత పోయినా పేగు లోపలి పొర దెబ్బ తింటాది. సరే కొందామని షాపుకి పోతే ఒకదాంట్లో తేనె, ఒకదాంట్లో పాలపొడి, ఇంకోదాంట్లో ఓట్స్. ఓట్స్‌లో గ్లూటెన్ లేదు కదా అంటారేమో, గింజలో లేదు సరే, పొలంలోనో మిల్లులోనో గోధుమ కలిసిపోతాది, అందుకే మామూలు ఓట్స్ ప్యాకెట్ నమ్మలేం. ఇంకోటి, ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే వీగన్ అనుకోవద్దండి, పాలున్నా తేనె ఉన్నా అదే చుక్క వేస్తారు.

తిరిగి ఇంటికొస్తాంటే దావలో తట్టింది నాకు, తొలి ఏకాదశికి మనం పేలపిండి తింటాం కదా, జొన్న పేలాలు, బెల్లం, అంతే, దాంట్లో గోధుమ యాడుంది పాలు యాడుండాయి? అదే పట్టుకున్నా.

కొలతలు చెప్తా. శెనిక్కాయ విత్తనాలు 200 గ్రాములు, నూగులు 50, గింజ తీసిన ఖర్జూరం 150, బెల్లం 100, జొన్న పేలాలు 40 గ్రాములు అంటే రెండు మూడు గుప్పిళ్లు, చిటికెడు ఉప్పు, కొంచెం శొంఠిపొడి. పేలాలు దొరక్కుంటే బొరుగులు వేసుకోండి, ఉగ్గానికి తెచ్చినవి ఎట్లాగూ ఇంట్లో ఉంటాయి. పిండి మాత్రం వేయొద్దు, ఎందుకంటే మిషన్లో మన జొన్నలకి ముందు ఎవురో గోధుమలు పట్టించుకోని పోయుంటారు, ఆ పిండంతా మనదాంట్లో కలుస్తాది. ఆ సీలియాక్ ఉండే ఫ్రెండ్ మా ఇంట్లో భోజనం చేస్తాదంటే మా అమ్మ పులిహోర చేస్తానన్నది, నేను ఇంగువ డబ్బా తిప్పి చూస్తే మైదా అని రాసుంది, అదీ గోధుమదే కదా! ఇన్నేండ్లు వాడ్తాండాం, ఎప్పుడూ చూడలే.

విత్తనాలు ముందు చాటలో పోసి ఏరుకోవాల. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి పారేయండి, వాటిల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. పంట చివర్లో వాన మొహం చాటేస్తే ఆ బూజు ఎక్కువ పడ్తాది, మన జిల్లా వానల సంగతి మీకు చెప్పేదేముంది. తర్వాత సన్న మంట మీద వేయించి, పొట్టు ఊదేసి, సగం కచ్చాపచ్చాగా దంచాల, సగం మిక్సీలో నూనె తేలేదాకా తిప్పాల. ఆ ముద్దే మనకి నెయ్యి, తేనె అన్నీ. ఖర్జూరం కూడా దాంట్లోనే వేసి తిప్పేయండి.

ఇప్పుడు పాకం, ఈడనే నేను రెండుసార్లు దెబ్బ తిన్నా. మొదటిసారి బాగా ముదిరిపోయింది, కత్తి దిగలే, రోకలితో కొడితే గాజుపెంకు మాదిరి ఎగిరింది, అది బార్ కాదు, చిక్కీ. రెండోసారి భయపడి లేతగా దించేస్తే పొడిపొడిగా రాలిపోయి స్పూన్‌తో తిన్నాం. ఉండపాకం రావాల. బెల్లంలో రెండు స్పూన్ల నీళ్లు పోసి కరిగించి వడగట్టి, మళ్లీ పెట్టి, గిన్నెలో నీళ్లు పెట్టుకోని ఒక చుక్క వేసి చూడండి. నీళ్లల్లో పరుచుకుంటే ఇంకా కాలే, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టి, వత్తితే అణిగిందంటే గెమ్మున స్టవ్ ఆపేసేయాల, ఒక్క నిమిషం ఫోన్ చూసినారంటే పాయె. వెంటనే ముద్ద, పలుకులు, నూగులు, ఉప్పు, శొంఠి వేసి కలిపి, పేలాలు ఆఖర్లో వేయండి, ముందే వేస్తే మెత్తబడిపోతాయి.

మూడోసారి పాకం కరెక్ట్‌గా కుదిరింది, నేను ఇట్ల తిరిగి చూసేలోపల మా అమ్మ ప్లేటుకి నున్నగా నెయ్యి పూసి పెట్టింది. "నెయ్యి రాయకుంటే అతుక్కుంటాదిరా, నీకేం తెల్సు" అని నన్నే తిడ్తాది. వేడిగా ఉందని నేనూ చూసుకోకుండా పోసేసినా. పాయె వీగన్! నాలుగోసారి ఇంకో ప్లేటు తోమి, శెనిక్కాయ నూనె రాసి చేసినా.

అరచేతికి తడి చేసుకోని గట్టిగా అదిమి, గోరువెచ్చగా ఉన్నప్పుడే గీతలు పెట్టాల, పూర్తిగా ఆరినాక కోస్తే ముక్కలైతాది. 12 బార్లు వస్తాయి. ఒక్కోదాంట్లో దగ్గరదగ్గర 200 కేలరీలు, 5 గ్రాములపైన ప్రోటీన్. అంటే టీవీ ముందర కూర్చోని మూడు తింటే ఒక పూట భోజనం లెక్క, సన్నబడాలని తినేది కాదిది, కొండ ఎక్కేటోళ్లకి, పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తేటోళ్లకి. శెనిక్కాయ అలర్జీ ఉండేటోళ్లకి మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు.

గుత్తి కోట సగం ఎక్కినాక ఎండ నెత్తినెక్కింది, బండ నీడన కూర్చోని తలా ఒకటి తిన్యాం. ఆమె ముందు నన్ను పదార్థాలన్నీ మళ్లీ ఒకసారి చెప్పించుకునింది, మిక్సీ కడిగినావా అని కూడా అడిగింది, ఆ తర్వాతే నోట్లో పెట్టుకునింది. వీగనాయన రెండోదానికి చెయ్యి చాపినాడు.

ఆ నెయ్యి పూసిన ప్లేటు అంటారా, మేం కొండ దిగొచ్చేసరికి మా నాయన ఖాళీ చేసి పెట్టినాడు.