కాళ్లకు సాయం, తలకు సాయం

(హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పరుగు ముగించుకుని, టిఫిను చేసి నేరుగా ఇటే వచ్చినవాళ్లు సభలో చాలామంది కనిపిస్తున్నారు. అందుకని సుదీర్ఘ ఉపోద్ఘాతంతో మీ కాళ్లను, నా గొంతును శ్రమపెట్టను.

బూట్లలో కార్బన్ పలక, ముందుండి వేగం చూసుకునే పేసర్లు, ట్రాక్ పక్కన అనుకున్న వేగంతో కదిలే దీపాలు. ఇన్ని ఉన్నాక దూర పరుగు రికార్డు మనిషిదా, కంపెనీదా అని అడుగుతుంటారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. కాళ్లకు అందే సాయంతో నాకు పేచీ లేదు. తలకు అందే సాయం, అంటే ఎంత వేగంగా పోవాలో మనిషి బదులు తేల్చిపెట్టే సాయం, దగ్గరే నా పేచీ అంతా.

సాయం కొత్తదేమీ కాదు. 1904 సెయింట్ లూయీ ఒలింపిక్స్ మారథాన్‌లో థామస్ హిక్స్‌కు దారిలో స్ట్రిక్నిన్ అనే విషం, గుడ్డు తెల్లసొన, బ్రాందీ పట్టించి ముందుకు నడిపించారు. స్వర్ణ పతకం ఆయనకే దక్కింది. అంతకుముందే ముగింపు గీత దాటిన ఫ్రెడ్ లోర్జ్ కొంత దూరం కారెక్కి వచ్చాడని తేలడంతో ఆయన్ను తప్పించారు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో డొరాండో పియెట్రి గీతకు చేరువలో కుప్పకూలితే అధికారులే లేపి దాటించారు. ఆ పాపానికి పతకం పోయింది. విషం తాగించినా చెల్లింది, చెయ్యి పట్టుకుంటే చెల్లలేదు.

ఇక బూటు సంగతి. నా చేతిలో ఉన్నది చూడండి. మడమ దగ్గర సోల్ రెండు వేళ్ల మందం ఉంది, అయినా పట్టుకుంటే బరువే తెలియదు. వంచబోతే మొండికేస్తుంది, లోపలి పలక వల్ల. బొటనవేలితో నొక్కితే ఫోమ్ దిగుతుంది, తీయగానే పైకి లేస్తుంది. కిటుకంతా ఆ లేవడంలోనే ఉంది. అడుగు పడినప్పుడు తీసుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. 2017లో ఈ తరహా బూటు బజారుకొచ్చిన రోజుల్లో, అదే వేగానికి శరీరం ఖర్చుపెట్టే శక్తి సగటున 4 శాతం తగ్గుతోందని ప్రయోగశాలలో తేలింది. అంతమాత్రాన పరుగు సమయం 4 శాతం తగ్గిపోదు, అందరికీ ఒకేలా కలిసిరాదు కూడా. 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య కళ్లెం వేసింది: రోడ్డు పరుగుకు సోల్ 40 మిల్లీమీటర్లు మించరాదు, గట్టి పలక ఒకటికి మించరాదు.

అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టికాళ్లతో 2:15:16కు, అంటే 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లకు పూర్తిచేశాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని 2:12:11కు పూర్తిచేశాడు. బూట్లున్నాయి కాబట్టి రెండో స్వర్ణం విలువ తక్కువని అనగలమా?

మన దేశం సంగతే చూడండి. వట్టికాళ్ల పరుగుకు పేరుపడ్డ శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2:12:00కు మారథాన్ పూర్తిచేశాడు. ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. కొత్త బూట్లు మనవాళ్లకూ దొరుకుతున్నాయి. నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తి, ఫుల్ మారథాన్‌కు ఆరు గంటలు తీసుకునేవారి కాళ్లకూ అదే కార్బన్ పలక. రికార్డు తెచ్చేది బూటే అయితే శివనాథ్ సింగ్ పేరు 2017లోనే చెరిగిపోయి ఉండాలి.

నష్టం లేదని మాత్రం అనను. మహిళల మారథాన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో నెలకొల్పిన 2:15:25 రికార్డు పదహారేళ్లు నిలిచింది. 2019లో బ్రిజిడ్ కోస్గేయ్ 2:14:04కు, 2023లో టిగ్‌స్ట్ అసెఫా 2:11:53కు దించారు. గడియారం చూసి ఆ తరాన్నీ ఈ తరాన్నీ పోల్చే వీలు ఇక లేదు. అయితే అక్కడ చెడింది కొలబద్ద. పరిగెత్తినవారి ఘనతకు వచ్చిన లోటేమీ లేదు.

ఇప్పుడు తల దగ్గరికి వస్తాను. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలును 3 నిమిషాల 59.4 సెకన్లకు పరిగెత్తాడు. మొదట బ్రాషర్, తర్వాత చాటవే పేసర్లుగా వేగం చూసుకున్నారు. అంతకు ముందటేడు బానిస్టరే 4:02.0 సాధిస్తే బ్రిటిష్ అధికారులు ఒప్పుకోలేదు. బ్రాషర్ కావాలనే వెనకబడి, బానిస్టర్ ఒక ల్యాప్ ఎక్కువ తిరిగి తనను కలుసుకున్నాక ముందుండి నడిపించాడు. అది నిజమైన పోటీ కాదన్నారు.

2019 అక్టోబర్ 12న వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే 1:59:40కు మారథాన్ దూరం ముగించాడు. 41 మంది పేసర్లు వంతులవారీగా దిగారు. ఏ క్షణాన చూసినా ముందు ఐదుగురు, వెనక ఇద్దరు. కారు మీది లేజర్ రోడ్డు మీద గీతలు గీస్తుంటే, సైకిల్ మీద వచ్చినవాళ్లు నీళ్లందించారు. దాన్ని రికార్డుగా లెక్కించలేదు, సరైన పనే చేశారు. ఆ కాళ్లకూ ఊపిరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ రోజు ఎంత వేగంగా పోవాలో, ఎవరి వెనక ఉండాలో కిప్చోగే తేల్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

అదే మనిషి 2022లో బెర్లిన్‌లో తొలి సగం 59:51కు దూకాడు. అది జూదం. పేసర్లు తప్పుకున్నాక రెండో సగం 61:18 పట్టింది, మొత్తం 2:01:09. నా దృష్టిలో వియన్నా కంటే బెర్లిన్ ఒక మెట్టు పైనే. 2023లో చికాగోలో కెల్విన్ కిప్టమ్ లెక్క తిరగేశాడు: తొలి సగం 60:48, రెండో సగం 59:47. ఎప్పుడు విడిపోవాలన్నది అతని సొంత నిర్ణయం. నాలుగు నెలలకే రోడ్డు ప్రమాదం ఆ కుర్రాణ్ని మింగేసింది.

ట్రాక్ అంచున పరిగెత్తే దీపాలతోనే నాకు అసలు చిక్కు. 2020లో వాలెన్సియాలో జాషువా చెప్తెగెయ్ 10,000 మీటర్లను 26:11.00కు ముగించాడు. కెనెనిసా బెకెలె 2005 నాటి రికార్డు కంటే ఆరున్నర సెకన్లు తక్కువ. ల్యాప్‌కు 62.8 సెకన్ల లెక్కను దీపం మోసింది. దూర పరుగులో సగం విద్య తన వేగాన్ని తాను పసిగట్టడమే. ఆ విద్యను తీసి రైలింగు పక్కన పెడితే మిగిలేది కూడా గొప్పదే, కాకపోతే వేరే గొప్ప. ఒలింపిక్స్‌లో దీపాలుండవు, పేసర్లుండరు. 2024లో పారిస్‌లో అదే చెప్తెగెయ్ గుంపులో ఓపికగా కాచుకుని, చివర్లో ముందుకొచ్చి 26:43.14తో స్వర్ణం గెలిచాడు. అరనిమిషం నెమ్మది. నాకు నచ్చింది ఆ పరుగే.

నిషేధిత మందుల జోలికి పోవడం లేదు. అది చర్చ కాదు, దొంగతనం.

ఈ మాటలు మన ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌కు వర్తించవని మనవి. ఆ ఉక్కపోతలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జెండా పట్టుకున్న పేసర్ "నెమ్మది, నెమ్మది" అంటుంటే విననివాళ్లు గచ్చిబౌలి చేరేసరికి నడుస్తూ కనిపిస్తారు. మనకు రికార్డుల గొడవ లేదు, ఇంటికి క్షేమంగా చేరితే చాలు.

వంద మీటర్ల ఫలితం పక్కన గాలి వేగం వేస్తారు. వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముటాయ్ 2:03:02 పరిగెత్తాడు. అప్పటికి అంత వేగంగా మారథాన్ ముగించినవారు లేరు. అయినా పల్లానికి దిగే, ఒకే దిక్కుకు సాగే దారి కాబట్టి రికార్డు కాలేదు. ఆ సమయాన్ని ఎవరూ దాచలేదు, పక్కన కారణం రాస్తారంతే. మన పత్రికల క్రీడా పేజీల్లో దూర పరుగుల ఫలితం పక్కనా దీపాలున్నాయా, పేసర్లు ఎంత దూరం వచ్చారు అన్నది ఒక ముక్క వేయమని విలేఖరి మిత్రులకు నా విన్నపం. ఇక మీ ప్రశ్నలు అడగండి.