రెండు సంతకాలు, ఒక్క పిటిషన్

అందరికీ నమస్కారం. కోర్టు ఆఫీసులో పిటిషన్లు తీసుకునే టేబుల్ వెనక ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నవాణ్ణి. ప్లీడరును కాను. కాబట్టి వాదనల జోలికి పోను, ఇద్దరూ ఒప్పుకుని ప్లీడరు లేకుండా విడాకుల పిటిషన్ వేసుకోవడానికి కావాల్సిన కాగితాల సంగతే చెప్తాను.

ముందు ఒక మాట. మన కర్నూలు పల్లెల్లో పెద్దమనుషులు పంచాయితీ చేసి, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇకపై ఎవరి దారి వారిది’ అని రాయించి సంతకాలు పెట్టిస్తారు. దానికి నోటరీ ముద్ర కొట్టించి బీరువాలో దాచుకున్నవాళ్లు ఈ హాల్లోనూ ఉండొచ్చు. అది విడాకులు కాదు. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాదనదు గానీ, ఆ ఆచారం ఉందని సాక్ష్యాలతో నిరూపించాలి. రెండో పెళ్లయి, పొలం తగాదా వచ్చాక ఆ సాక్షుల్ని ఎక్కడ వెతుకుతారు?

ఇద్దరికీ ఇష్టమైతే దారి 13బి. 1955 నాటి ఆ హిందూ వివాహ చట్టంలోకి 1976 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. ఏడాదికి తగ్గకుండా విడిగా ఉంటున్నాం, కలిసి బతకలేకపోయాం, పెళ్లి రద్దు చేసుకోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం అని చెప్తే చాలు. తప్పు ఎవరిదని అడగదు. అత్త తిట్టిన తిట్లు, మొగుడి తాగుడు పిటిషన్‌లో ఎక్కిస్తే, సంతకం పెట్టాల్సిన అవతలి మనిషి ఆ పేరా చదివి పెన్ను కింద పెట్టేస్తారు. నా కళ్లముందే జరిగింది. (క్రైస్తవులకు, ముస్లింలకు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లయినవాళ్లకు దారులు వేరు. ఈ రోజు వాటిలోకి పోవడం లేదు.)

ప్లీడరు లేకుండా వేయొచ్చా? వేయొచ్చు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అసలు అక్కడ ప్లీడరును పెట్టుకోవడమే హక్కు కాదు, కోర్టు అనుమతిస్తేనే. ఇక ఏ కోర్టులో? పెళ్లి జరిగిన చోటైనా, ఇద్దరూ చివరిగా కాపురమున్న చోటైనా సరే. 2003 సవరణ తర్వాత భార్య వేసే పిటిషన్‌కు ఆమె ఇప్పుడుంటున్న ఊరు కూడా సరిపోతుంది. కాపురం బెంగళూరులో చేసి ఆదోనిలో పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఆదోనిలోనే వేసుకోవచ్చు.

పిటిషన్‌లో ప్రతివాది ఉండరు. ఒకటో పిటిషనరు, రెండో పిటిషనరు, అంతే. అయినా ఎందుకు రిటర్న్ అవుతుంది? పేర్లు, తేదీలు. శుభలేఖలో లక్ష్మీదేవి, ఆధార్‌లో లక్ష్మిదేవమ్మ, టెన్త్ సర్టిఫికెట్‌లో ఎల్. దేవి. ముగ్గురూ ఒకరేనని చట్టానికి ఎలా తెలుస్తుంది? ఆధార్‌లో ఉన్నట్టు రాసి, పక్కన ‘అలియాస్’ అని రెండో పేరు చేర్చండి. డిక్రీలో, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వులో, పడ్డ పేరే రేపు పాస్‌పోర్టు ఆఫీసులో చూస్తారు.

తేదీ సంగతి ఇంకా పెద్దది. ఒక జంట ‘సంక్రాంతి నుంచి విడిగా ఉంటున్నాం’ అని రాసుకొచ్చారు. ఏ సంక్రాంతి అంటే ఆయన పోయినేడుది అన్నాడు, ఆమె అంతకు ముందుది అంది. పోయినేడుదే అయితే ఏడాది నిండటానికి ఇంకా పదకొండు రోజులుంది. కాగితం వెనక్కి పోయింది. తేదీ, నెల, సంవత్సరం, అప్పటి నుంచి ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, అన్నీ ఇద్దరూ కలిసి కూర్చుని రాసుకోండి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా లేకపోతే విడిగా ఉన్నట్టేనని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి పరిస్థితి ఉంటే దాన్నీ దాచకుండా రాయండి.

జత చేసేవి పెద్దగా ఏమీ లేవు. శుభలేఖ, ఇద్దరూ కనిపించే పెళ్లి ఫొటో, ఆధార్ జిరాక్సులు, రిజిస్ట్రేషన్ ఉంటే ఆ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. మంత్రాలయంలోనో మహానందిలోనో పెళ్లయితే గుడి రశీదు కూడా పెట్టండి.

అసలు కష్టం రాజీ షరతుల్లో ఉంది. ‘నగలన్నీ ముట్టాయి’ అని ఒక్క ముక్కలో రాసిన కేసొకటి గుర్తుంది. ఆఖరి వాయిదా రోజు ఆ అమ్మాయి బోనెక్కి, ‘మా అత్త దగ్గర నా వడ్డాణం ఉంది సార్’ అంది. హాలంతా నిశ్శబ్దం. మళ్లీ వాయిదా. ఏ నగ, ఎన్ని తులాలు, ఎప్పుడు ముట్టింది, బీరువా ఎవరికి, మంచం ఎవరికి, రాయండి. మంచం గురించి రాయడానికి సిగ్గుపడొద్దు. డబ్బు చేతికి ఇవ్వకండి, డీడీ తీసి నంబరు రాయండి. మొదటి వాయిదాలో సగం, ఆఖర్న సగం అనుకుంటే ఇద్దరికీ ధైర్యం. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, సెలవుల్లో ఎవరి దగ్గర, ఫీజులు ఎవరు కట్టాలి, అదీ రాయాలి. తల్లి తన భరణం వదులుకోవచ్చు గానీ, పిల్లల భరణాన్ని వదిలేస్తున్నానని రాసే హక్కు ఆమెకు లేదు.

పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల్లోపు ఇద్దరూ మళ్లీ అడగాలి. కలిసే అవకాశం లేదని తేలి, లెక్కలన్నీ తెగి, ఏడాదిన్నర పైన విడిగా ఉన్నవాళ్లు ఈ ఆరు నెలలు మాఫీ చేయమని అడగొచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పుంది. దానికి వేరే అప్లికేషన్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, అదీ మనసులో పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఒంటరిగా దిగొద్దు. అత్తింటి వేధింపుల కేసో (పాత 498ఏ), భరణం కోసం వేసిన మెయింటెనెన్స్ కేసో నడుస్తుంటే విడాకుల డిక్రీతో అవి వాటంతటవే ముగిసిపోవు. పొలం, ఇల్లు ఇచ్చిపుచ్చుకునేది ఉన్నా అంతే, రిజిస్ట్రేషన్ లెక్క వేరు. అప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. ఫోన్ 15100. డ్రాఫ్టు ఒకసారి చూపించుకుని వచ్చినా మంచిదే.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీకి వెంటనే అప్లికేషన్ పెట్టండి. ఒకటి కాదు, ఇద్దరికీ రెండేసి. వచ్చిన కాపీలో పేర్లు, తేదీలు అక్కడే, కౌంటర్ దగ్గరే చదువుకోండి.

ఇక అడగండి. సొంత కేసు సంగతులైతే మైకులో వద్దు, టీ తాగేటప్పుడు విడిగా మాట్లాడుకుందాం.