నడక దొరికాకే మనిషి: అలెక్ గిన్నిస్ గురించి ఒక సాయంత్రం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ బెంగళూరు ట్రాఫిక్‌ని ఈదుకుంటూ ఒక ఇంగ్లీషు నటుడి గురించి వినడానికి ఇంతమంది తెలుగువాళ్లు వస్తారని నేను అనుకోలేదు. కుర్చీలు చాలనివాళ్లు మెట్ల మీద సర్దుకోండి.

ఇందాక తెర మీద చూసిన ముక్క దగ్గరే మొదలుపెడతాను. 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్', 1957లో వచ్చిన సినిమా. జపాన్ వాళ్ల చేతికి చిక్కిన బ్రిటిష్ కల్నల్ నికల్సన్‌ని మండుటెండలో రేకుల కొట్టులో పడేస్తారు. రోజుల తర్వాత బయటికి తీసి క్యాంపు కమాండర్ గదికి నడిపిస్తారు. అటూ ఇటూ అతని సైనికులు చూస్తున్నారు. వీపు నిటారుగా పెట్టాలని అతని తాపత్రయం, కాళ్లు మాట వినవు. మోకాలు ఒకచోట మడుస్తుంది, పాదం ఇంకోచోట పడుతుంది. తూలిపోతాడనిపిస్తుంది, తూలడు. డైలాగు లేదు. మొహంలో కూడా పెద్దగా ఏమీ లేదు. నికల్సన్‌గా వేసిన అలెక్ గిన్నిస్‌కి ఆ సినిమాకే ఆస్కార్ వచ్చింది.

ఆ నడక ఎక్కడిదో తెలుసా? ఆయన కొడుకుది. మాథ్యూకి పదకొండేళ్లప్పుడు పోలియో వచ్చింది. నడుము కింద చచ్చుబడిపోయింది. తర్వాత మెల్లమెల్లగా కోలుకుని, మళ్లీ నడవడం నేర్చుకుంటున్న రోజుల్లో ఆ పిల్లవాడు అడుగులు ఎలా వేశాడో తండ్రి చూశాడు. కొన్నేళ్ల తర్వాత సిలోన్ అడవిలో, కెమెరా ముందు, అవే అడుగులు వేశాడు.

ఇది విన్నప్పుడు నాకు ఒక పక్క ఒళ్లు గగుర్పొడిచింది, ఇంకో పక్క కాస్త చిరాకూ వేసింది. కన్నకొడుకు కష్టాన్ని కూడా దాచిపెట్టుకుని పనికి వాడుకున్నాడా ఈ మనిషి, అని. నటులు అలాంటివాళ్లేనేమో. ఆ సంగతి మీకే వదిలేస్తున్నాను.

అలెక్ గిన్నిస్ పద్ధతి అది. పాత్ర ఇచ్చాక ముందు నడక వెతుక్కునేవాడు. నడక దొరికితే మిగతాదంతా దొరికినట్టే ఆయనకి. జూకి వెళ్లి జంతువుల కదలికలు చూసేవాడు, వీధిలో మనుషుల వెనకాల నడిచేవాడు. నేను కాలేజీ రోజుల్లో పరిషత్తు నాటకాలాడాను. మా డైరెక్టరు గారు డైలాగు బట్టీ పట్టించేవారు, గొంతు పెంచమనేవారు. నడక సంగతి ఎవరూ చెప్పలేదు. స్టేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాలంటే నాకు టెన్షన్. చేతులేం చేసుకోవాలో తెలియక, నాలుగు ప్రదర్శనల్లోనూ ఒకే కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

సరే, ఈయన కథ చూద్దాం. 1914 ఏప్రిల్ 2న లండన్‌లో పుట్టాడు. తల్లి పేరు ఏగ్నిస్ కఫ్. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ చివరిదాకా నిండలేదు, తండ్రి ఎవరో ఆయనకి తేలనే లేదు. తల్లి కొన్నాళ్లు స్టివెన్ అనే సైనికాధికారిని పెళ్లాడింది. దాంతో పిల్లవాడు అలెక్ స్టివెన్ అయ్యాడు. పద్నాలుగేళ్లొచ్చాక, నీ అసలు పేరు గిన్నిస్ అన్నారు. ఆ వయసుకే మూడు పేర్లు మార్చిన కుర్రాడు తర్వాత ఊరికే వేషాలు మార్చాడంటే ఆశ్చర్యమేముంది, అని జీవితచరిత్రలు రాసేవాళ్లు అంటుంటారు. అది మరీ సులువైన లెక్క. ఇంటి పేరు సరిగ్గా లేనివాళ్లందరూ నటులైపోలేదు కదా.

చదువయ్యాక ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో కాపీ రాసే ఉద్యోగం. వారానికి ఒక పౌండు. నటన నేర్చుకోవాలి, డబ్బు లేదు. ఏం చేశాడంటే, అప్పటికే లండన్ నాటకరంగంలో వెలిగిపోతున్న జాన్ గీల్‌గుడ్‌కి ఫోన్ చేశాడు. పరిచయం లేదు, సిఫారసు లేదు. గీల్‌గుడ్ విసుక్కోకుండా మార్టీటా హంట్ అనే నటి దగ్గరికి వెళ్లమన్నాడు. ఆవిడ ఒకటి రెండు పాఠాలు చెప్పి, నువ్వు పనికిరావు నాయనా అంది. మొండిగా కూర్చుంటే మళ్లీ చెప్పింది. పన్నెండేళ్ల తర్వాత డేవిడ్ లీన్ తీసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' సినిమాలో పెళ్లి గౌనులోనే ముసలిదైపోయిన మిస్ హావిషామ్ ఆవిడ, కుర్ర హెర్బర్ట్ పాకెట్ ఈయన.

మొదటి వేషం 1934లో. కోర్టు నాటకం ఒకదానిలో జూనియర్ లాయరు. స్టేజీ మీద కూర్చోవడమే, నోరు మెదిపే పని లేదు. అదే ఏడాది ఇంకో నాటకంలో మొదటి అంకంలో చైనా కూలీ, రెండో అంకంలో ఫ్రెంచ్ సముద్రపు దొంగ, మూడో అంకంలో ఇంగ్లీషు నావికుడు. మధ్యలో పని లేని రోజులు, కడుపు నిండని రోజులు. సలహా కోసం గీల్‌గుడ్ దగ్గరికి వెళ్తే, ఆయన ఈ కుర్రాడి వాలకం చూసి, అక్కడ ఇరవై పౌండ్లున్నాయి తీసుకో అన్నాడట. ఇరవై వారాల జీతం! వద్దన్నాడు. ఆకలి ఆకలే, పౌరుషం పౌరుషమే. అదే గీల్‌గుడ్ ఆ ఏడాది చివర్లో తన 'హామ్లెట్' నాటకంలో ఆస్రిక్ వేషం ఇచ్చాడు. కాస్త హొయలు పోయే చిన్న దర్బారు మనిషి పాత్ర. మరో నాలుగేళ్లకి, ఇరవై నాలుగేళ్ల వయసులో, లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్లో తనే హామ్లెట్. టైరోన్ గత్రీ డైరెక్షన్‌లో, ఈ కాలం బట్టలతో ఆడిన నాటకం అది. ఆ ఏడే నటి మెరూలా సాలమన్‌తో పెళ్లి.

యుద్ధం వచ్చింది. నేవీలో చేరి ఆఫీసరయ్యాడు. 1943లో సిసిలీ మీద దాడికి వెళ్లిన పడవల్లో సైనికుల్ని ఒడ్డుకు చేర్చే ల్యాండింగ్ క్రాఫ్ట్ ఒకటి ఈయన చేతిలో ఉంది. దాడి కాస్త వెనక్కి జరిపారన్న కబురు ఈ పడవకి అందలేదు. ఈయన అనుకున్న టైముకే ఒడ్డెక్కేశాడు, చూస్తే చుట్టుపక్కల ఎవరూ లేరు. తర్వాత పై అధికారి వచ్చి కసురుకుంటే ఈయన చెప్పిన జవాబు ఆత్మకథలో ఉంది. వెస్ట్ ఎండ్‌లో, అంటే లండన్ నాటకశాలల పేటలో, ఎనిమిదింటికి తెర లేస్తుందని ప్రకటిస్తే ఎనిమిదింటికే లేస్తుంది సార్, నేవీ వాళ్లు ఇది నేర్చుకుంటే బాగుంటుంది, అన్నాడట. మన నాటకాలకి ఈ సూత్రం పెడితే మొదటి అంకం ఖాళీ కుర్చీలకే ఆడాలి.

యుద్ధం తర్వాత సినిమాలు. 1948లో 'ఆలివర్ ట్విస్ట్'. పిల్లలతో దొంగతనాలు చేయించే ముసలి యూదుడు ఫేగిన్ వేషం నాకివ్వండి అంటే డైరెక్టర్ లీన్ నవ్వేశాడు. ఒక్క స్క్రీన్ టెస్ట్ చేయండి అని బతిమాలి, మేకప్‌తో వచ్చి నిలబడ్డాడు. లీన్ నోరు మూతపడింది. నవలలోని పాత బొమ్మల్ని చూసి చేసిన మేకప్ అది. పెద్ద ముక్కు, పొడుగు గడ్డం. కానీ యూరప్‌లో యూదుల్ని లక్షల్లో చంపి మూడేళ్లే అయింది. బెర్లిన్‌లో యూదులు గొడవ చేశారు. అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అయినప్పుడూ కోతలతోనే. నటన గొప్పదే, ఒప్పుకుంటాను. ఆ ముక్కు మాత్రం తప్పే. నటుడు మాయమైపోవడం మంచిదే, కానీ ఏ రూపంలోకి మాయమవుతున్నాడో చూసుకోవద్దూ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1949, 'కైండ్ హార్ట్స్ అండ్ కొరోనెట్స్', ఈలింగ్ స్టూడియో వాళ్లది. ఆస్తి కోసం ఒకడు ఒక జమీందారీ కుటుంబాన్ని వరసపెట్టి చంపుకుంటూ పోతాడు. ఆ కుటుంబంలో ఎనిమిది మంది వేషాలూ గిన్నిస్‌వే. పాదిరీ, జనరల్, అడ్మిరల్, చివరికి లేడీ అగాథా అనే ఆడ వేషంతో సహా. ముందు నాలుగు వేషాలే ఇస్తామన్నారు. స్క్రిప్టు చదివి, నాలుగెందుకు, మొత్తం నేనే వేస్తానన్నాడు.

అందులో చర్చిలో ఒక షాట్ ఉంది. ఆరుగురు బంధువులు ఒకే ఫ్రేములో కనిపిస్తారు, ఆరుగురూ ఆయనే. కంప్యూటర్లు లేని రోజులు. కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ కెమెరాని కదలకుండా బిగించేసి, లెన్సు ముందు ఫ్రేముని భాగాలుగా మూసే ఏర్పాటు చేసుకున్నాడు. ఒక భాగం తెరిచి, ఒక వేషం తీసి, దాన్ని మూసి, అదే ఫిల్ము వెనక్కి తిప్పి, గిన్నిస్ మేకప్ మార్చుకుని వచ్చాక ఇంకో భాగం తెరిచి మళ్లీ తీయడం. ఇలా ఆరుసార్లు. రాత్రి ఎవరైనా ఊడుస్తూ కెమెరాకి తగిలినా, అది వెంట్రుకవాసి కదిలినా, అంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని స్లోకోంబ్ కెమెరా పక్కనే స్టూడియోలో పడుకున్నాడు. పొలం దగ్గర పంటకి కాపలా పడుకున్నట్టు.

సినిమా చూసేటప్పుడు ఆ ట్రిక్కు మీద దృష్టి పెట్టకండి. ఆరుగురూ ఎలా కూర్చున్నారో చూడండి. జనరల్ కూర్చున్నట్టు అడ్మిరల్ కూర్చోడు.

అన్నీ గెలుపులే కాదు. 1951లో మళ్లీ హామ్లెట్ వేశాడు, డైరెక్షన్‌లో కూడా తన చెయ్యి ఉంది. మొదటి రాత్రే లైట్లు తప్పాయి. చీకటి ఉండాల్సిన చోట వెలుగు, వెలుగుండాల్సిన చోట చీకటి. తను పెట్టుకున్న చిన్న గడ్డం కూడా జనానికి నచ్చలేదు. విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ దెబ్బ ఆయన చాలాకాలం మర్చిపోలేదు.

మాథ్యూకి పోలియో వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పనయ్యాక ఇంటికెళ్తూ దారిలో ఒక కేథలిక్ చర్చిలోకి వెళ్లి కూర్చునేవాడు. అప్పటికి ఆయన కేథలిక్ కాదు. పిల్లవాడు కోలుకుంటే, పెద్దయ్యాక వాడు కేథలిక్ అవుతానంటే అడ్డు చెప్పను అని దేవుడితో ఒప్పందం. మన మొక్కుల్లాంటిదే. తర్వాత, 1954లో 'ఫాదర్ బ్రౌన్' షూటింగ్‌కి ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో ఉన్నాడు. సాయంత్రం, షూటింగ్ లేని వేళ, పాదిరీ బట్టల్లోనే బసకి నడుస్తున్నాడు. చీకటి పడుతోంది. ఎవరో చిన్న పిల్లాడు పరుగున వచ్చి 'మోన్ పేర్', అంటే ఫాదర్, అంటూ చెయ్యి పట్టుకున్నాడు. ఫ్రెంచిలో గలగలా ఏదో చెప్పుకుంటూ కొంతదూరం నడిచి, దణ్ణం పెట్టి, కంచెలో సందులోంచి మాయమయ్యాడు. ఈయన ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడితే దొంగ పాదిరీ అని తెలిసిపోతుంది కదా. ఆ బట్టలకి అంత నమ్మకం ఉంటుందా అని ఆలోచిస్తూ బసకి చేరాడు. 1956లో తనూ కేథలిక్ అయ్యాడు. మరుసటేడు ఆయన సిలోన్‌లో క్వాయ్ షూటింగ్‌లో ఉండగా, భార్య కూడా ఆయనకి చెప్పకుండానే అదే దారి పట్టింది.

ఆ సినిమాని మొదట కాదన్నాడు. ఒప్పుకున్నాక లీన్‌తో సెట్లో రోజూ కీచులాట. నికల్సన్ మీద జనానికి కాస్త నవ్వు, కాస్త జాలి కలగాలని ఈయన, అక్కర్లేదని ఆయన. అయినా ఇద్దరూ కలిసి మొత్తం ఆరు సినిమాలు చేశారు. కొన్ని కాపురాలు అలాగే ఉంటాయి.

'స్టార్ వార్స్'లో ఈయన వేసిన వేషం గురించి ఎవరో అడుగుతారని తెలుసు, అందుకే నేనే చెప్పేస్తాను. స్క్రిప్టు గురించి స్నేహితులకి రాసిన ఉత్తరాల్లో కాకమ్మ కథల చెత్త అని తిట్టుకున్నాడు. డైరెక్టర్ జార్జ్ లూకస్ లాభాల్లో రెండు శాతం పైచిలుకు రాసిచ్చాడు, దాంతో జీవితాంతం డబ్బుకి లోటు లేకపోయింది. ఆ సినిమా నూరుసార్లకు పైగా చూశానన్న ఒక అమెరికా కుర్రాడు ఆటోగ్రాఫ్ అడిగితే, ఇంకెప్పుడూ చూడనని మాటిస్తేనే అన్నాడు. పిల్లాడు ఏడ్చాడు. వాళ్లమ్మకి కోపం వచ్చింది. నేను వాళ్లమ్మ పక్షమే.

మన ఊరి సంగతికి వద్దాం. 1984లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా' చాలావరకు ఇక్కడే, బెంగళూరులో తీశారు. గుహల సన్నివేశాలకి సావనదుర్గ వెళ్లారు. మీలో చాలామంది ఆదివారాలు ఎక్కే కొండే. అందులో గాడ్‌బోలే అనే బ్రాహ్మణ ప్రొఫెసర్ వేషం గిన్నిస్‌కి ఇచ్చాడు లీన్. పక్కన విక్టర్ బెనర్జీ, రోషన్ సేఠ్, సయీద్ జాఫ్రీ ఉన్నారు. ఇంతమంది మనవాళ్లుండగా డెబ్భై ఏళ్ల ఇంగ్లీషు పెద్దమనిషికి రంగు పూసి నామం పెట్టడం ఏం అవసరమో నాకు అర్థం కాలేదు. అంతకుముందు 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో అరబ్ రాకుమారుడు ఫైసల్‌గా వేసినప్పుడు ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్‌తో మాట్లాడి ఆ యాస పట్టుకున్నాడు, అక్కడ అతికింది. ఇక్కడ అతకలేదు. గాడ్‌బోలే కోసం కష్టపడి నాట్యం కూడా నేర్చుకున్నాడు పాపం. ఎడిటింగ్‌లో లీన్ దాన్ని తీసేశాడు. ఈయనకి మనసు విరిగింది. నడక వెతికి మనిషిని పట్టుకునే నటుడికి ఈ ఒక్కచోట నడక దొరకలేదు. ఇక్కడి మనిషి వెనకాల నడవడానికి ఆయనకి టైము చాల్లేదనుకుంటాను.

దానికి ఐదేళ్ల ముందు, 1979లో, బీబీసీ కోసం ఏడు భాగాల సీరియల్ చేశాడు, 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై'. జార్జ్ స్మైలీ అనే రిటైరైన గూఢచారి. నిజం గూఢచారిని ఒకసారి చూడాలి అన్నాడు. నవల రాసిన జాన్ లె కారే, బ్రిటిష్ గూఢచార సంస్థకి అధిపతిగా చేసి దిగిపోయిన మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం ఏర్పాటు చేశాడు. గిన్నిస్ మర్యాదగా కూర్చుని కబుర్లాడాడు. ఓల్డ్‌ఫీల్డ్ గ్లాసు అంచు మీద వేలు తిప్పడం, ఆయన కఫ్‌లింకులు, ఆయన బూట్లు అన్నీ కళ్లతోనే ఎత్తేశాడు. భోజనం అయ్యాక ఓల్డ్‌ఫీల్డ్ వీధిలో వెళ్తుంటే, వెనక నిలబడి ఆ నడక కనుమరుగయ్యేదాకా చూశాడు. గూఢచారి వెనకాలే గూఢచారి.

2000 ఆగస్టు 5న, ఎనభై ఆరేళ్ల వయసులో చనిపోయాడు. రెండు నెలలకే మెరూలా కూడా వెళ్లిపోయింది.

స్మైలీ ముక్క ఒకటి తెచ్చాను, ఇప్పుడు వేస్తాను. వెనక లైట్లు ఆపండి బాబూ. సౌండ్ కొంచెం తగ్గించినా పరవాలేదు. ఎవరు ఏమన్నారన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఓవర్‌కోటులో మనిషి గదిలోకి ఎలా వస్తాడో, కళ్లద్దాలు ఎప్పుడు తీస్తాడో చూడండి.