చీటీ మీది అక్షరాలు
(జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు కాబట్టి మూడోసారి నేను చదవను. ఈ రోజు డిసెంబరు 24. వినియోగదారుల రక్షణ చట్టానికి 1986లో రాష్ట్రపతి ఆమోదం లభించిన రోజు. ఆ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చినా పండుగ తేదీ మాత్రం మారలేదు. నన్ను హక్కుల మీద మాట్లాడమన్నారు. హక్కుల సంగతి వకీలు గారు చెబుతారు. ముప్పై ఒక్క ఏళ్ళు బట్టల కొట్లో గుమాస్తాగా చేసినవాణ్ణి, నేను బల్లకు అవతలి వైపు సంగతి చెబుతాను.

మా కొట్లో ప్రతి చీరకూ ఒక చీటీ ఉండేది. దాని మీద నాలుగు అక్షరాలు. అది చీర పేరు కాదు, కొన్న ధర. పది అంకెలకు పది అక్షరాలు. ఏ అక్షరమూ రెండోసారి రాని మాట ఒకటి పెట్టుకోవాలి. మా షావుకారు ఒక దేవుడి పేరు పెట్టుకున్నారు. ఏ దేవుడో ఇప్పటికీ చెప్పను, ఉప్పు తిన్నాను. ఆ అక్షరాలు చూస్తే ఎంతవరకు దిగవచ్చో మాకు తెలుస్తుంది. ఎంత నుంచి మొదలుపెట్టాలో మాత్రం చీటీ చెప్పదు, మనిషి చెబుతాడు. చీర చూపించేముందు చెప్పులు చూసేవాళ్ళం.

ఒకసారి కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి పల్లెటూరి నుంచి ఒకావిడ వచ్చింది. నేను చెప్పిన ధరకు తల ఊపింది. బేరమాడలేదు. ఆడవచ్చని ఆమెకు తోచలేదు. కొంగు ముడి విప్పి, నోట్లు ఒక్కొక్కటి బల్ల మీద సాపు చేసి పెట్టింది. షావుకారు సంతోషించి ఒక రవికె గుడ్డ కొసరుగా ఇప్పించారు. "మీ పిల్లలు చల్లగా ఉండాలి" అని దీవించి వెళ్ళింది. ఆ రవికె గుడ్డ ఖరీదు కూడా ఆమే కట్టింది. ఆమె తరవాత వచ్చిన మేస్టారు గారు గంటన్నర బేరమాడి అలాంటి చీరే తక్కువకు పట్టుకుపోయారే, ఆ తగ్గింపు కూడా ఆమే కట్టింది. బేరం రానివాళ్ళ డబ్బుతోనే బేరం వచ్చినవాళ్ళకు తగ్గించేవాళ్ళం. ఈ మాట ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పలేదు.

ఎమ్మార్పీ గురించి కూడా చెప్పాలని రాసుకొచ్చాను. పొట్లాల మీద పన్నులతో కలిపి గరిష్ఠ ధర ముద్రించాలన్నది 1990లో వచ్చిన నిబంధన. సబ్బు కొనడానికి వచ్చినవాడి చెప్పులు ఎవరూ చూడరు. చాలు, అది బాగానే ఉంది. నా బాధ బంగారంతో.

మీలో ఈ మధ్య నగ కొన్నవాళ్ళు చేతులెత్తండి. తరుగు, అంటే నగ చేసేటప్పుడు రాలిపోయిందని మనచేత కట్టించే బంగారం, ఎంత వేశారో గుర్తున్నవాళ్ళు మాత్రం చేయి దించకండి. చూశారా, ఎన్ని చేతులు దిగాయో!

నిరుడు మా అమ్మాయి పెళ్ళికి 24 గ్రాముల హారం తీసుకున్నాం. గ్రాము ధర బోర్డు మీద ఉంది, పక్క కొట్లోనూ అంతే. తరుగు 18 శాతం అన్నారు. అంటే 4 గ్రాముల 320 మిల్లీగ్రాములు. పూర్వం కంసాలి వీధిలో మట్టిని కూడా కడిగి బంగారం తీసేవారు. ఆకురాయి కింద రాలిన పొడిని ఎవరూ పారేయరు. మరి నా నాలుగు గ్రాములు ఎక్కడ రాలాయి? బిల్లులో "తరుగు" అన్న మాటే లేదు, "వీఏ" అని రెండు అక్షరాలున్నాయి. ఏమిటని అడిగితే, "వాల్యూ అడిషన్ అండీ, విలువ పెరగడం" అన్నాడా అబ్బాయి. తరగడమేమో నోటి మాటలో, పెరగడమేమో కాగితం మీద. లెక్క మాత్రం అవే నాలుగు గ్రాములు.

కూల్ డ్రింకు వచ్చింది. ఇంకో కొట్టు పేరెత్తాను, 14 శాతానికి దిగాడు. గెలిచాననుకున్నాను. అలాంటి హారమే అదే వారం మా వియ్యపురాలు 11 శాతానికి తెచ్చుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు చీటీ చదివినవాణ్ణి, నా చెప్పులు ఎవరో చదివారు.

నిజం చెప్పాలి, హారంలో మోసం లేదు. దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉంటాయి, హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే హాల్‌మార్కు నగ మీద అది తప్పనిసరి. ప్రమాణాల సంస్థ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత ఎంతో ఎవరైనా చూడవచ్చు. మా షావుకారు అక్షరాలు దాచడానికి, ఇవి చూపించడానికి. తరుగు శాతాన్ని కూడా గ్రాము ధర పక్కనే, అదే బోర్డు మీద, ప్రతి నగకూ రాయమని అడుగుతున్నాను. ఎక్కువే వేసుకోండి, కానీ అందరికీ ఒకటే వేయండి.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఇదుగో ఆ బిల్లు, వెనక వరస దాకా పంపండి. వీఏ అన్న చోట నేను ఎర్ర సిరాతో చుట్టాను. చూసి జాగ్రత్తగా తిరిగి ఇవ్వండి, తెచ్చానని మా ఇంట్లో తెలియదు.