పది సెకన్లకు పదిహేను అడుగులు

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద కెమెరా లేదని గమనించే ఉంటారు. నల్లటి 35 ఎంఎం ఫిలిం ముక్కలు, కుట్టుసూదులు, ఉప్పుకాగితం, నాలుగు మార్కర్లు, కింది నుంచి వెలిగే లైట్‌బాక్స్ ఒకటి ఉన్నాయి. ఫిలిం మీదే గీకి, ఫిలిం మీదే రంగు వేసి సినిమా చేయడానికి ఇవి చాలు. చేయి వణికితే పాడైపోతుందేమోనని మీలో చాలామందికి భయం ఉంటుంది. ఈ పనిలో చేయి వణకడం పెద్ద తప్పు కాదు. లెక్క తప్పితేనే కష్టం.

కాబట్టి ముందు లెక్క. 35 ఎంఎంలో ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, అంచున నాలుగు చిల్లులు, ఎత్తు 19 మిల్లీమీటర్లు, అడుగుకు 16 ఫ్రేములు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే సెకనుకు అడుగున్నర, పది సెకన్లకు పదిహేను అడుగులు, 240 బొమ్మలు. 16 ఎంఎంలో అదే పది సెకన్లు ఆరడుగుల్లో అయిపోతాయి గానీ, ఫ్రేము వెడల్పు పది మిల్లీమీటర్లు దాటీ దాటనట్టు ఉంటుంది. అందులో ముఖం గీయడమంటే బియ్యపుగింజ మీద పేరు రాయడమే. మొదటిసారి చేసేవాళ్లు 35 పట్టుకోండి.

ఫిలిం ఎక్కడ దొరుకుతుంది? థియేటర్లు డిజిటల్‌కు మారాక ప్రింట్లు చాలావరకు తుక్కు కిందికి పోయాయి. పాత సామాన్ల కొట్లలో, మూతపడ్డ హాళ్ల ప్రొజెక్షన్ గదుల్లో ట్రైలర్ ముక్కలు, రీలు మొదట్లోనూ చివర్లోనూ ఉండే లీడర్ ముక్కలు వెతికితే దొరుకుతాయి. మనకు కావలసింది ఆ ముక్కలే. పాత సినిమా పూర్తి రీలు చేతికొస్తే మాత్రం దాని మీద సూది పెట్టకండి. తెలుగులో తొలినాళ్ల సినిమాలు ఎన్నింటికో ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. అలాంటిది పుణెలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్‌కు తెలియజేయాల్సిన వస్తువు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిం చివుకుతోందని అర్థం, మిగతా వాటికి దూరంగా పెట్టండి. 1950ల ముందు నాటిదైతే నైట్రేట్ అనే పాత రకం ఫిలిం కావచ్చు, చాలా త్వరగా అంటుకుంటుంది, దాని జోలికే వెళ్లొద్దు.

ఇప్పుడు ఈ నల్ల ముక్క చూడండి. ఒక వైపు మెరుస్తుంది, అది బేస్, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. రెండో వైపు కాస్త మసకగా ఉంటుంది, అది ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత. అనుమానముంటే తడి వేలితో మూలన తాకండి, వేలికి అంటుకున్నట్టు అనిపించేది ఎమల్షన్. గీకాల్సింది ఆ వైపే.

కలర్ ప్రింటులో నలుపు అనేది మూడు పొరలు కలిసి చేసే మాయ. పైన మెజెంటా (ముదురు గులాబీ), మధ్యలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), అడుగున పసుపు. సూదిని తేలిగ్గా ఆనిస్తే మెజెంటా ఒక్కటే లేచిపోయి, మిగిలిన రెండూ కలిసి ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. ఇంకాస్త ఒత్తితే సయాన్ కూడా పోయి పసుపు. పూర్తిగా గీకితే తెలుపు. ఒకే సూదికి మూడు రంగులు, తేడా అంతా చేతి బరువులోనే. తెల్లగీతను భూతద్దంలో చూస్తే అటూ ఇటూ సన్నటి పసుపు, ఆకుపచ్చ అంచులు కనిపిస్తాయి. తాటాకు మీద గంటం పట్టిన చేతికి ఈ బరువు సంగతి కొత్త కాదు. అయితే తెలుపు వచ్చాక కూడా ఒత్తుతూ పోతే సూది బేస్‌లోకి దిగుతుంది. ఆ గాడి వెలుతురును చెదరగొడుతుంది కాబట్టి తెలుపు నడుమ నల్లచార తేలుతుంది. నలుపు తెలుపు ఫిలింలో ఈ పొరల ఆట ఉండదు, బూడిద నుంచి తెలుపు, అంతే.

వెడల్పు గీతలకు కట్టర్ బ్లేడు మూల, పొగమంచులాంటి మసకకు ఉప్పుకాగితం. 400 నంబరు సన్నటి గీతలిస్తుంది, 220 వాన కురిపిస్తుంది. ఎమల్షన్‌ను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెడితే మెత్తబడి సులువుగా ఊడుతుంది గానీ, ముక్కలుగా ఊడుతుంది. సన్నటి గీత కావాలంటే పొడి ఫిలిమే. రాలిన పొడిని నోటితో ఊదకండి, తుంపర పడ్డచోట మరకవుతుంది. మెత్తటి కుంచెతో దులపండి.

రంగులు వేయాలంటే తెల్ల ఫిలిం, అంటే ఎమల్షన్ లేని పారదర్శక ఫిలిం కావాలి. ఇళ్లలో వాడే హైపోక్లోరైట్ బ్లీచ్‌లో ముంచితే నిమిషాల్లో ఎమల్షన్ కరిగిపోతుంది. చేతికి గ్లౌజులు, తెరిచిన కిటికీ తప్పనిసరి. ఆ దగ్గర్లో బాత్రూం యాసిడ్ ఉండనే కూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. తర్వాత పారే నీళ్లలో బాగా కడిగి, బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. కడగడంలో బద్ధకిస్తే మిగిలిన బ్లీచ్ మీరు వేసిన రంగులను మెల్లగా తినేస్తుంది. వేసినప్పుడు బాగున్న నీలం తర్వాత వెలిసిపోయిందంటే తప్పు మార్కరుది కాకపోవచ్చు.

ఇలా కడిగిన బేస్ మీద నీటి రంగు నిలవదు, తామరాకు మీద నీళ్లలా గుండ్లు కడుతుంది. స్పిరిట్ మార్కర్లు, గాజు మీద వేసే పారదర్శక రంగులు పడతాయి. పోస్టర్ కలర్ ఎంత ఎర్రగా ఉన్నా తెర మీద నలుపే, ఎందుకంటే ఇక్కడ రంగు కనబడేది వెనక నుంచి వచ్చే వెలుతురుతో. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లు మేకతోలును వెలుతురు పారేంత పలచగా గీకేదీ, నగల చోట చిల్లులు కొట్టేదీ ఇందుకే. గోళ్ల రంగు కూడా బాగుంటుంది, కాకపోతే ఫిలిం వంచగానే పగులుతుంది. ఆ పగుళ్లే కావాలంటే అది వేరే విషయం.

ఇక అసలు చిక్కు. తెల్ల ఫిలిం కింద ఫ్రేము గీతలున్న కాగితం పెట్టుకుని గీస్తాం. ఏ4 కాగితం పొడవులో 15 ఫ్రేములు పడతాయి, 285 మిల్లీమీటర్లు. ప్రింటర్ ‘పేజీకి సరిపెట్టు’ అన్న చోట టిక్కు ఉంటే, చెప్పకుండా మూడు శాతం కుదించేస్తుంది. ఒక్క ఫ్రేములో ఆ తేడా కంటికి ఆనదు. పదిహేనో ఫ్రేముకు వచ్చేసరికి దాదాపు అర ఫ్రేము జారి, పక్షి తల ఒక ఫ్రేములో, తోక ఇంకో ఫ్రేములో పడుతుంది. అసలు సైజులోనే ప్రింటు తీసి స్కేలుతో కొలవండి. పాత ఫిలిం కొంత కుంచించుకుపోయి ఉంటుంది గనుక స్కేలును కూడా పూర్తిగా నమ్మొద్దు, నాలుగేసి చిల్లులు లెక్కపెట్టడమే ఖాయం. బొమ్మ వెడల్పు 22 మిల్లీమీటర్లు. పదడుగుల తెర మీద అది సుమారు 138 రెట్లు పెరుగుతుంది. చేయి అర మిల్లీమీటరు జరిగితే తెర మీద ఏడు సెంటీమీటర్ల గెంతు.

నల్ల ఫిలిం మీద ఇంకా కష్టం, కింద పెట్టిన గీతల కాగితం కనబడనే కనబడదు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్ ఈ ఇబ్బందితో పోరాడలేదు, దాన్నే పద్ధతిగా మార్చుకున్నారు. 1955 నాటి ‘బ్లింకిటీ బ్లాంక్’లో ఎక్కువ ఫ్రేములను నల్లగానే వదిలేసి, అక్కడక్కడ కొన్ని ఫ్రేముల గుత్తి మాత్రం చెక్కారు. నడుమ చీకటి ఉన్నప్పుడు ముందు బొమ్మ సరిగ్గా ఏ చోట ఉందో కన్ను కొలవలేదు, కదలికను తానే పూరించుకుంటుంది. ఆ ఏడు కాన్స్ చిత్రోత్సవంలో చిన్న సినిమాల పెద్ద బహుమతి పామ్ దోర్ దానికే వచ్చింది. నన్నడిగితే విద్యార్థి మొదటి సినిమాకు ఇంతకంటే మంచి దారి లేదు. మూడు ఫ్రేములు గీకండి, తొమ్మిది వదలండి, రెండు గీకండి. పదిహేను అడుగుల్లో గీసేది అరవై ఫ్రేములే కావచ్చు.

ఆయనే ఎవలిన్ లాంబార్ట్‌తో కలిసి 1949లో ఫ్రేము గీతలనే పట్టించుకోకుండా పొడవునా రంగులు పూసి, పియానో వాద్యకారుడు ఆస్కార్ పీటర్సన్ జాజ్ సంగీతానికి కట్టారు. అది తేలికనిపిస్తుంది గానీ సంగీతం ఫ్రేముల్లో కొలిచి పెట్టుకోకపోతే రంగు ఒక దారి, తాళం ఒక దారి.

ప్రొజెక్టర్ లేదు కాబట్టి స్కాన్ చేస్తాం. పారదర్శక ఫిలిం స్కాన్ చేసే సదుపాయమున్న ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు) పెడితే ఫ్రేము వెడల్పుకు దాదాపు 2,078 పిక్సెళ్లు వస్తాయి, ఫుల్ హెచ్‌డీకి సరిపోతుంది. కెమెరాతో తీస్తే ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ చేత్తో బిగించండి. ఒక్కటి ఆటోలో ఉన్నా సినిమా మిణుకుమంటుంది. చౌక ఎల్‌ఈడీ పలకలు కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి. షట్టర్ 1/50 కంటే వేగంగా పెడితే చారలు పడొచ్చు. చిల్లులు కూడా ఫొటోలో పడేలా తీయండి, కంప్యూటర్‌లో ఫ్రేములను కుదుర్చుకోవడానికి ఆ చిల్లే ఆధారం.

ఒక్కొక్కరు రెండేసి అడుగుల ముక్క తీసుకోండి. ముందు తడి వేలితో ఎమల్షన్ ఎటుందో చూసి, మొదటి చిల్లు పక్కన మార్కర్‌తో చుక్క పెట్టండి. అక్కడి నుంచి నాలుగేసి లెక్కపెట్టండి.